పాత ఢిల్లీ హవేలీ: గోడలు చెప్పే విజ్ఞానం

ఢిల్లీ చూడటానికి వెళ్లినవాళ్లు ఎర్రకోట చూస్తారు, జామా మసీదు చూస్తారు, చాందినీ చౌక్‌లో పరాటాలు తిని తిరిగి వస్తారు. మీరు ఈసారి వెళ్లినప్పుడు మరో అరగంట కేటాయించుకోండి. జరీ అంచులు, పెళ్లి తలపాగాలు, పూసల దండలు అమ్మే కినారీ బజారులోకి నడవండి. దుకాణాల మధ్య, చూసీ చూడనట్టుగా ఒక చిన్న ద్వారం కనబడుతుంది. దాటి లోపలికి అడుగు పెడితే బజారు హోరు ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఎండ తగ్గుతుంది. సన్నని సందు, దానికి ఇరువైపులా చెక్కడపు గుమ్మాలు, గుమ్మాల మీద రంగుల పూలతీగలు. సందు చివర శ్వేతాంబర జైన మందిరం.

ఈ సందు పేరు నౌఘరా. 'నౌ' అంటే తొమ్మిది, 'ఘర్' అంటే ఇల్లు. తొమ్మిది ఇళ్ల వీధి అన్నమాట. ఇవి జైన నగల వర్తకుల ఇళ్లు. 18వ శతాబ్దం నాటివని పేరు. వీటిలో రాజులెవరూ ఉండలేదు, యుద్ధాలేవీ జరగలేదు. మరి ఇలాంటి ఇళ్లను ఎందుకు కాపాడాలి? పాతబడిన ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకోవటంలో తప్పేముంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం చరిత్ర పుస్తకాలతో పాటు భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం కూడా తిరగెయ్యాలి.

కోట గోడల లోపల ఒక నగరం

షాజహాను తన రాజధానిని ఆగ్రా నుంచి ఢిల్లీకి మార్చాలనుకుని 1639లో కొత్త కోటకు పునాది వేయించాడు. 1648 నాటికి కోట పూర్తయింది. దాని చుట్టూ పెరిగిన నగరమే షాజహానాబాద్, అంటే నేటి పాత ఢిల్లీ. అమీరులు పెద్ద పెద్ద హవేలీలు కట్టుకున్నారు. వారి అవసరాలు తీర్చటానికి వడ్డీ వ్యాపారులు, నగల వర్తకులు, బట్టల వ్యాపారులు వచ్చి స్థిరపడ్డారు. ఒక్కో వృత్తికి ఒక్కో గల్లీ ఏర్పడింది. వీధుల పేర్లలో ఈ సంగతి ఇప్పటికీ నిలిచి ఉంది. కటరా నీల్ నీలిమందు పేరు మోస్తుంది. కూచా మహాజనీ షాహుకార్ల పేరు మోస్తుంది.

1739లో నాదిర్ షా దండెత్తి నగరాన్ని దోచుకున్నాడు. ఆ తరువాత మొగలు ప్రభువుల సంపద తరిగిపోయింది. పెద్ద హవేలీలను నడిపే శక్తి అమీరులకు లేకపోయింది. వర్తకులు మాత్రం నిలదొక్కుకున్నారు. ఎవరు గద్దెనెక్కినా అప్పు ఇచ్చేవాడు, సరుకు తెచ్చేవాడు కావాలి కదా! 1803లో ఢిల్లీ ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్లింది. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1807లో, రాజా హరసుఖ్ రాయ్ ధరంపురాలో నయా మందిర్ అనే జైన దేవాలయాన్ని కట్టించగలిగాడంటే వర్తకుల స్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

1857 తిరుగుబాటును అణచివేశాక బ్రిటిషువాళ్లు కోట చుట్టుపక్కల ఉన్న కట్టడాలను పెద్దఎత్తున కూల్చివేశారు. 1947 విభజన తరువాత ఎన్నో ఇళ్లు చేతులు మారాయి. ఒక కుటుంబం ఉన్న ఇంట్లో పది కుటుంబాలు చేరాయి. ఇన్ని దెబ్బలు తిన్న తరువాత కూడా ఒక వర్తక వీధి వీధిగా మిగలటమే నౌఘరా ప్రత్యేకత. కోటలు పాలకుల సంగతి చెబుతాయి. ఊరు ఎలా బతికిందో చెప్పేది ఇలాంటి ఇళ్లే.

ఆ రోజుల్లో ఇతర దేశాల వర్తకులు కూడా ఇళ్లను తమ వృత్తికి తగ్గట్టు కట్టుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల ఒడ్డున ఉన్న ఇళ్ల నెత్తిన కొక్కెంతో ఒక దూలం ముందుకు పొడుచుకువచ్చి ఉంటుంది. సరుకును తాడుతో పై అంతస్తుకు లాగటానికే అది. ఆ కాలువల ప్రాంతాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి ఇంటికి తడి, చలి శత్రువులు. ఢిల్లీ ఇంటికి ఎండే శత్రువు. అందుకే ఇక్కడి ఇల్లు వేరే విధంగా రూపు దిద్దుకుంది.

హవేలీ లోపల

హవేలీ వీధి వైపు ఎక్కువగా తెరుచుకోదు. బయటి ద్వారం దాటాక ద్యోఢీ అనే వాకిలి వస్తుంది. చాలా ఇళ్లలో అది మలుపు తిరిగి ఉంటుంది. అందువల్ల వీధిలో పోయేవాడి చూపు, దుమ్ము, వేడిగాలి నేరుగా లోపలికి రావు. ఆ తరువాత ఆకాశానికి తెరిచిన నడిమి ముంగిలి. దాని చుట్టూ స్తంభాల వసారాలు, వాటి వెనుక గదులు. కొన్ని ఇళ్లకు కింద తహ్‌ఖానా, అంటే నేలమాళిగ ఉంటుంది.

ఈ వర్ణన ఎక్కడో విన్నట్టుందా? మన కోస్తా పల్లెల్లోని మండువా లోగిలి గుర్తుకు వచ్చి ఉంటుంది. మండువా వాన కురిసే ప్రాంతానికి తగినట్టు పెంకుల వాలు కప్పుతో ఉంటుంది. హవేలీ వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న ప్రాంతానికి తగినట్టు చదును కప్పుతో ఉంటుంది. ఇంటి నడుమ ఆకాశాన్ని ఉంచుకోవాలన్న ఆలోచన మాత్రం రెండింటికీ ఒకటే.

నడిమి ముంగిలి ఎలా పనిచేస్తుంది? రాత్రిపూట డాబా, ముంగిలి నేల తమ వేడిని ఆకాశంలోకి వికిరణం ద్వారా పోగొట్టుకుంటాయి. డాబాను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి ముంగిట్లోకి దిగుతుంది. బావిలో నీరు నిలిచినట్టు ఆ చల్లగాలి అడుగున నిలుస్తుంది, గదుల్లోకి పాకుతుంది. పొద్దెక్కినా గోడల నీడ వల్ల ముంగిలి చాలాసేపు చల్లగానే ఉంటుంది. నడినెత్తిన సూర్యుడు వచ్చాక ముంగిట్లోని గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపటానికి నీడగా ఉన్న సందులోంచి గాలి లోపలికి వస్తుంది. విసనకర్ర లేదు, మోటారు లేదు. సూర్యుడే ఇంటికి గాలి ఆడిస్తాడు.

గోడలో ప్రయాణించే వేడి

హవేలీ గోడ ఒకటిన్నర అడుగుల మందం, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. ఇంత మందం బరువు మోయటానికేనా? ఒక చిన్న లెక్క చేద్దాం.

గోడ బయటి ముఖం పగలు వేడెక్కి, రాత్రి చల్లబడుతుంది. ఈ హెచ్చుతగ్గులు ఒక అల లాగా గోడలోపలికి ప్రయాణిస్తాయి. లోపలికి పోయేకొద్దీ అల ఎత్తు తగ్గుతుంది, నడక ఆలస్యమవుతుంది. మామూలు ఇటుక కట్టుబడిలో ప్రతి 12 సెంటీమీటర్లకు అల ఎత్తు సుమారు 37 శాతానికి పడిపోతుంది. ఆలస్యం దాదాపు నాలుగు గంటలు.

ఇప్పుడు రెండు గోడలను పోల్చండి. నేడు మనం కట్టే తొమ్మిది అంగుళాల గోడ సుమారు 23 సెంటీమీటర్లు. మధ్యాహ్నం మూడు గంటలకు బయట తగిలిన వేడి దాదాపు ఏడున్నర గంటల తరువాత, అంటే రాత్రి పదిన్నరకు లోపలికి చేరుతుంది. సరిగ్గా మనం పడుకునే వేళకు! వేసవి రాత్రి గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగలటానికి కారణం ఇదే. 45 సెంటీమీటర్ల గోడలో అదే వేడి చేరేసరికి మర్నాడు తెల్లవారుతుంది. చేరేది కూడా బయటి హెచ్చుతగ్గుల్లో రెండు శాతం మాత్రమే.

ఇదే లెక్క తహ్‌ఖానాకూ వర్తిస్తుంది. ఇక్కడ చూడవలసింది రోజువారీ అలను కాదు, ఏడాది అలను. అల కాలం పెరిగితే అది లోపలికి చొచ్చుకుపోయే లోతు ఆ కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఏడాదికి 365 రోజులు. దాని వర్గమూలం సుమారు 19. అంటే 12 సెంటీమీటర్లను 19తో గుణించాలి. రెండు మీటర్ల పైచిలుకు వస్తుంది. నేలకింద మూడు, నాలుగు మీటర్ల లోతున వేసవి, శీతాకాలాల తేడా నాలుగో వంతుకో ఐదో వంతుకో తగ్గిపోతుంది. ఢిల్లీ సగటు వార్షిక ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు. బయట 44 డిగ్రీల ఎండ కాస్తున్నా లోతైన నేల ఆ 25కు దగ్గరలోనే ఉంటుంది. జూన్ మధ్యాహ్నాలు తహ్‌ఖానాలో ఎందుకు గడిపేవారో ఇప్పుడు అర్థమైంది కదా!

అయితే పాతదంతా గొప్పదే అనుకోకూడదు. గోడ ఆపేది హెచ్చుతగ్గులను మాత్రమే. వడగాడ్పులు రోజుల తరబడి వీస్తే సగటు వేడే పెరిగి గోడ కూడా కాగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో రాత్రి కూడా ఉక్కపోస్తుంది. అప్పుడు మబ్బు ఆకాశాన్ని కప్పేస్తుంది కనుక డాబా చల్లబడదు. వెలుతురు చొరని గదులు, ఇరుకు మెట్లు, తేమ వాసన కూడా ఈ ఇళ్లలో ఉన్నవే.

సున్నం కథ

హవేలీ గోడ నుంచి రాలిన ఇటుకను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది పలక లాగా సన్నగా, అంగుళం అటూ ఇటూ మందంతో ఉంటుంది. దీన్ని లఖౌరీ ఇటుక అంటారు. ఇటుక సన్ననిది కావటం వల్ల గోడలో ఇటుకతో పాటు సున్నం పాలు కూడా ఎక్కువే. కాబట్టి గోడ గుణం తెలియాలంటే సున్నం గుణం తెలియాలి.

సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల వద్ద కాల్చితే 100 గ్రాముల రాయి నుంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, 56 గ్రాముల కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. నీళ్లు పోస్తే అది బుసబుస పొంగి తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఇసుక, సుర్ఖీ అనే ఇటుక పొడి కలిపి గానుగలో నూరి గోడకు వాడతారు. మన వైపు దీన్నే డంగు సున్నం అంటాం. అక్కడ బెల్లం, మారేడు గుజ్జు, మినప్పిండి కలిపేవారు. మన వైపు బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు. గోడలో చేరిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. రాయి నుంచి బయలుదేరి రాయి దగ్గరికే చేరుకుందన్నమాట. సుర్ఖీలోని సిలికా, అల్యూమినాలు కూడా సున్నంతో చర్య జరిపి గట్టిదనాన్ని పెంచుతాయి.

ఈ సున్నానికి రెండు మంచి గుణాలున్నాయి. మొదటిది, దానిలో సన్నని రంధ్రాలుంటాయి. నేలలోని తేమ కేశనాళిక చర్య వల్ల గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూత ద్వారా ఆవిరై పోతుంది. రెండవది, అది కాస్త మెత్తన. గోడ కొద్దిగా కుంగితే సున్నం సర్దుకుంటుంది. సన్నని బీటలు పడితే వాననీటిలో కరిగిన సున్నం మళ్లీ పేరుకుని కొంతవరకు వాటిని పూడుస్తుంది.

సిమెంటు చేసే చేటు

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. గోడ పెచ్చులూడిందని ఇంటి యజమాని మేస్త్రీని పిలుస్తాడు. మేస్త్రీ గట్టిగా ఉండాలని సిమెంటు పూస్తాడు. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. కాని సిమెంటు పూత గుండా ఆవిరి తేలికగా బయటికి పోదు. లోపలి తేమ దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. తేమతో పాటు వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా మారి ఉబ్బి, మెత్తని లఖౌరీ ఇటుకను పిండి చేస్తాయి. కొన్నేళ్ల తరువాత సిమెంటు పెచ్చు ఊడినప్పుడు దానితో పాటు ఇటుక ముఖం కూడా ఊడివస్తుంది. సున్నపు పూత తాను అరిగిపోయి ఇటుకను కాపాడుతుంది. సిమెంటు తాను నిలిచి ఇటుకను తినేస్తుంది.

దీనికి ఢిల్లీ గాలి తోడవుతుంది. గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమ సమక్షంలో సున్నాన్ని జిప్సంగా మారుస్తుంది. దాని మీద మసి చేరి నల్లని పొర ఏర్పడుతుంది. ఇక పై అంతస్తుల్లో గోదాములు పెట్టి సరుకు నింపితే, ఒక కుటుంబం నివసించటానికి వేసిన కొయ్య దూలాల మీద అనుకోని బరువు పడుతుంది. పాత ఇల్లు ఒక్క రోజులో కూలదు. ఇలా ఏళ్ల తరబడి కూలుతుంది. ఒక వానాకాలంలో అది మనకు కనిపిస్తుంది.

విలువను ఎలా కొలుస్తారు?

'పాతది కనుక విలువైనది' అంటే శాస్త్రీయమైన మాట కాదు. 1979లో ఆస్ట్రేలియాలో రూపొందిన బుర్రా ఒడంబడిక వారసత్వ విలువను నాలుగు రకాలుగా చూడమని సూచించింది. అవి సౌందర్య విలువ, చారిత్రక విలువ, వైజ్ఞానిక విలువ, సామాజిక విలువ. ఈ నాలుగింటినీ నౌఘరాకు అన్వయించి చూడండి. గుమ్మాల చెక్కడాలు, పూలతీగల చిత్రాలు అందానికి చెందినవి. వర్తక కుటుంబాల జీవితం చరిత్రకు చెందినది. గోడ, సున్నం, ముంగిలి విజ్ఞానానికి చెందినవి. గుడి చుట్టూ అల్లుకున్న ఇరుగుపొరుగు సమాజానికి చెందినది.

వైజ్ఞానిక విలువలో మరో సంగతి ఉంది. ఇల్లు చదవదగిన దస్తావేజు. లఖౌరీ ఇటుక కనిపిస్తే ఆ గోడ చాలావరకు 19వ శతాబ్దం ముగిసేలోపుదని ఊహించవచ్చు. పూరేకుల అంచుల కమాను మొగలు పద్ధతిని, అర్ధవృత్తపు కమాను, పోత ఇనుప కటకటాలు యూరోపియన్ ప్రభావాన్ని సూచిస్తాయి. ఒకే ఇంట్లో ఇవన్నీ ఉండవచ్చు. అప్పుడు ఏది అసలు, ఏది నకలు అని తగువు పడనక్కరలేదు. ప్రతి తరమూ ఆ ఇంట్లో ఒక పుట రాసిందని అర్థం.

చట్టం ఏమంటుంది?

కనీసం నూరేళ్లు నిండిన ప్రాచీన కట్టడాలను జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటించి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కాపాడుతుంది. దీనికి ఆధారం 1958 నాటి చట్టం. 2010 సవరణ ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కాని ఈ చట్టం కోటలకు, సమాధులకు, గుళ్లకు సరిపోయినంతగా మనుషులు కాపురం ఉండే ఇళ్లకు సరిపోదు.

అందుకని ఢిల్లీలో రెండో పద్ధతి ఉంది. 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థ ఢిల్లీ కట్టడాలను ఒక్కొక్కటిగా నమోదు చేసి, 1,200కు పైగా కట్టడాల జాబితాను 1999లో ప్రచురించింది. 2010లో నగరపాలక సంస్థ పరిధిలోని 760కి పైగా కట్టడాలను వారసత్వ కట్టడాలుగా అధికారికంగా ప్రకటించారు. ఇలాంటివాటిని మూడు శ్రేణులుగా విభజిస్తారు. మొదటి శ్రేణిలో కట్టడాన్ని బలపరచటానికి తప్ప మార్పులకు వీలులేదు. రెండు, మూడు శ్రేణుల్లో లోపలి మార్పులకు కొంత వెసులుబాటు ఉంటుంది. కూల్చాలన్నా, మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ సంఘం అనుమతి కావాలి.

కాని అనుమతి పత్రం గోడకు సున్నం వేయదు. ఇంటి విలువ అందరిది, మరమ్మతు ఖర్చు ఒక్కరిది. 1958 నాటి అద్దె నియంత్రణ చట్టం వల్ల ఎన్నో పాత ఇళ్లలో అద్దె నామమాత్రమే. ఆ అద్దెతో యజమాని దూలం కూడా మార్పించలేడు. పడగొట్టి దుకాణాల సముదాయం కడితే మాత్రం లాభం కళ్ల ముందే కనిపిస్తుంది. ఇంటిని కాపాడమని యజమానికి చెప్పేముందు ఈ బాధను మనం అర్థం చేసుకోవాలి.

రెండు దారులు

బల్లీమారాన్‌లో మీర్జా గాలిబ్ చివరి రోజులు గడిపిన ఇల్లు ఉంది. 1869లో ఆయన కన్నుమూశాక ఆ ఇల్లు ఎన్నో చేతులు మారి, వ్యాపారాలకు నెలవైంది. 1990ల చివర ఢిల్లీ ప్రభుత్వం అందులో కొంత భాగాన్ని స్వాధీనం చేసుకుని, లఖౌరీ ఇటుకలతో బాగుచేయించి 2000లో స్మారక మందిరంగా తెరిచింది. ఇది మొదటి దారి.

రెండో దారి ధరంపురా హవేలీది. 1887 నాటి ఈ ఇంటిని ఏళ్ల తరబడి శ్రమించి బాగుచేసి 2016లో అతిథి గృహంగా తెరిచారు. మరుసటి ఏడాది యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దానికి గౌరవ ప్రస్తావన దక్కింది. ఇక్కడ ఇల్లు తన ఖర్చు తానే సంపాదించుకుంటోంది.

రెండూ మంచివే. అయితే ప్రతి ఇంట్లో ఒక గాలిబ్ ఉండడు. ప్రతి ఇల్లూ హోటల్ కాలేదు. నౌఘరా లాంటి వీధికి కావలసింది మూడో దారి. మనుషులు అక్కడే కాపురం ఉంటూ ఇంటిని నిలుపుకోవటం. అందుకు సున్నం పని తెలిసిన మేస్త్రీలు కావాలి, మరమ్మతుకు సాయం కావాలి, నీరు, మురుగు, కరెంటు సదుపాయాలు సరిగా ఉండాలి.

ఇంకో సంగతి. తొమ్మిది ఇళ్లలో ఒకదాన్ని పడగొట్టి ఆరంతస్తులు లేపితే ఏమవుతుంది? పక్కింటి ముంగిటికి ఆకాశం తగ్గుతుంది. రాత్రి చల్లబడటం తగ్గుతుంది. గాలి ఆడదు. పక్కింటివాళ్లు ఏమీ మార్చకపోయినా వారి ఇల్లు పనిచేయటం మానేస్తుంది. అంటే ఈ ఇళ్ల విలువ విడివిడిగా లేదు, వీధిలో ఉంది. అహ్మదాబాదు తన పోళ్లను, అంటే కొయ్య చట్రాల ఇళ్లున్న వీధులను ఇలా మొత్తంగా చూపించి 2017లో ప్రపంచ వారసత్వ నగరమైంది. జయపురం 2019లో ఆ జాబితాలో చేరింది. ఢిల్లీ ప్రతిపాదనను మాత్రం 2015లో వెనక్కి తీసుకున్నారు.

మీరే చేసి చూడండి

మీ ఊళ్లోనో అమ్మమ్మగారి ఊళ్లోనో పాత మండువా ఇల్లు ఉంటే రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకటి బయట నీడలో, మరొకటి లోపలి గదిలో వేలాడదీయండి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు రెండు గంటలకొకసారి చూసి గ్రాఫు గీయండి. కొత్త ఇంట్లోనూ అలాగే చేయండి. ఏ ఇంట్లో గీత చదునుగా ఉంది? శిఖరం ఎన్ని గంటలు ఆలస్యంగా వచ్చింది?

నేల మీద రాలిపడిన పాత పూత ముక్క మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. బుడగలు వస్తే అందులో కాల్షియం కార్బొనేట్ ఉన్నట్టే. సిమెంటు పూత కూడా కొద్దిగా బుడగలు చూపవచ్చు కనుక ముక్క రంగును, గట్టిదనాన్ని కూడా పోల్చండి. పరీక్ష కోసం గోడను మాత్రం గీకకండి.

2019 సెప్టెంబరులో హైదరాబాదులోని ఇర్రం మంజిల్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. పెద్ద భవంతుల కోసం అలా కోర్టుకు వెళ్లేవాళ్లు ఉంటారు. పేరులేని ఇళ్ల కోసం ఎవరూ వెళ్లరు. కనీసం వాటి కొలతలు, ఫోటోలు, కట్టిన పద్ధతి, అందులో పుట్టి పెరిగిన పెద్దల మాటలు ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. మనం ఎండను తట్టుకునే ఇళ్ల కోసం కొత్తగా వెతుకుతున్న ఈ రోజుల్లో, ఆ లెక్కను ఒకసారి కట్టి చూపినవాళ్ల ఇళ్లను చదవకుండానే చెరిపేసుకోవటం తెలివైన పని కాదు.